‘మేము’ అని ఎవరితో అన్నారు?

ఎనిమిదో తరగతికి రాజ్యాంగం పాఠం చెప్పడంలో మా డివిజన్‌లో నన్ను మించినవాళ్ళు లేరని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఇప్పటికీ కొంత ఉంది. ఇరవై ఏళ్ళుగా సోషల్ చెబుతున్నాను. పుట్టింది ధర్మవరంలో, పట్టుచీరల అంగడి నడిపే ఇంట్లో. నాయన అంగట్లో గాదీ పరుపు మీద కూర్చుని చీర మడతలు విప్పుతున్నంతసేపూ చీర వైపు చూసేవాడు కాదు, కొనడానికి వచ్చిన వాళ్ళ కళ్ళ వైపే చూసేవాడు. ఏ రంగు దగ్గర ఆ కళ్ళు ఆగాయో ఆయనకు తెలిసిపోయేది. నేనూ పాఠం చెప్పేటప్పుడు పుస్తకం చూడను, పిల్లల ముఖాలే చూస్తాను. ఎవరికి అర్థమైంది, ఎవరు అర్థమైనట్టు తల ఊపుతున్నారు అనేది నాకు ఇట్టే తెలుస్తుంది.

కళ్యాణదుర్గానికి దగ్గర్లో ఒక ఊరి హైస్కూలుకు బదిలీ అయి వచ్చిన రెండో ఏడాది ఇది జరిగింది. నేను కళ్యాణదుర్గంలో అద్దెకుండి రోజూ షేర్ ఆటోలో పోయి వచ్చేదాన్ని. స్కూలు ఊరి చివర ఉంటుంది. స్కూలు దాటితే ఒక వంక, వంక దాటితే నలభై ఇళ్ళ చిన్న పల్లె. ఆ పల్లె కూడా ఈ ఊరి పంచాయతీలోదే. అక్కడి నుంచి పదకొండు మంది పిల్లలు మా స్కూలుకు నడిచి వస్తారు. వంక అన్నాను కదా అని నీళ్ళు ఊహించుకోవద్దు. ఏడాదంతా అది ఇసుకే. మేకలు నడుస్తాయి, ట్రాక్టర్లు పోతాయి. ఎప్పుడో నాలుగైదు రోజులు మాత్రం పైన ఎక్కడో కురిసిన వాన అంతా ఎర్రగా దానిలోకి వచ్చి పడుతుంది. ఆ నాలుగైదు రోజులూ పదకొండు మందీ గైర్హాజరు.

సెప్టెంబరు మొదట్లో పీఠిక పాఠం మొదలుపెట్టాను. బోర్డు మీద రంగు సుద్దముక్కతో పెద్ద అక్షరాలతో ‘భారత ప్రజలమైన మేము’ అని రాసి, రాజ్యాంగాన్ని పైనుంచి ఎవరూ మన నెత్తిన పెట్టలేదనీ, మనమే రాసుకున్నామనీ ఎప్పటిలాగే చెప్పుకుపోతున్నాను. రెండో బెంచీలో కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి చెయ్యి ఎత్తింది. వంక అవతలి పల్లె పిల్ల. ఎక్కువ మాట్లాడదు. మాట్లాడితే మాత్రం మధ్యలో ఆగదు.

“మేడం, మీరు మనమే రాసుకున్నాం అంటాండారు. పుస్తకంలో మేము అని ఉండాది. మేము అంటే వినేటోళ్ళని వదిలేసినట్లు కదా?”

“ఎట్ల?”

“మేము అన్నం తిన్నాం అంటే, మీరు తినలేదు అని. మనం తిన్నాం అంటే అందరం తిన్నాం అని. ఈడ భారత ప్రజలందరూ మేము అంటాండారు. అందరూ ఆ పక్కే ఉంటే ఇంక వింటాండేది ఎవరు మేడం?”

క్లాసు మొత్తం నా వైపు తిరిగింది. ఇరవై ఏళ్ళలో కనీసం వందసార్లు బోర్డు మీద రాసిన మాట అది. ఒక్కసారి కూడా ఆ మాట వైపు నేను అలా చూడలేదు. అప్పుడు నేను చేసింది చెప్పడానికి సిగ్గుగానే ఉంటుంది, అయినా చెబుతాను. “రెండూ ఒకటేలే పాపా, పుస్తకాల భాష అట్లే ఉంటుంది, కూర్చో” అన్నాను. అది కూర్చుంది. దాని ముఖంలో మా అంగడిలో నాసిరకం జరీ చూపించినప్పుడు తెలిసినవాళ్ళ ముఖంలో కనిపించే భావం కనిపించింది.

ఆ సాయంత్రం ఆటోలో కూర్చున్నానే గానీ చెవులు మాత్రం చుట్టూ ఉన్నవాళ్ళ మాటల మీదే ఉన్నాయి. డ్రైవరు ఫోనులో ఎవరితోనో “మేము దుర్గానికి వస్తాండాం, మీరు ఆడే ఉండండి” అన్నాడు. నా పక్కన కూర్చున్న ఆకుకూరలమ్మ ముందు సీటావిడతో “రేపు మనం పొద్దున్నే పోదాం” అంది. ఎవరూ తడబడలేదు. ఎవరిని కలుపుకుంటున్నారో, ఎవరిని బయట పెడుతున్నారో ఒక్కొక్కరికీ ఖాయంగా తెలుసు. రెండూ ఒకటే అని ఈ జిల్లాలో నాలుగేళ్ళ బిడ్డ కూడా అనదు. అన్నది సోషల్ టీచరు ఒక్కతే.

మర్నాడు హాజరు వేయకముందే చెప్పాను. “నిన్న నేను చెప్పిన జవాబు తప్పు. మేమూ మనమూ ఒకటి కాదు. రాజ్యాంగంలో ‘మేము’ అని ఎందుకుందో నాకు తెలియదు. కనుక్కుందాం. ఈ పొద్దు ఇంటికి పోయి, మీ ఇంట్లో ఎవరు ఎప్పుడు మేము అంటారో, ఎప్పుడు మనం అంటారో రాసుకుని రండి.”

తప్పు ఒప్పుకుంటే పిల్లల ముందు చులకనైపోతామని కొందరు టీచర్లు భయపడతారు. నాకా భయం లేదు. తప్పు ఒప్పుకున్న రోజు పిల్లలు ఇంటిపని చేసుకొచ్చినంత శ్రద్ధగా మరే రోజూ చేయరు.

అలాగే చేసుకొచ్చారు. ఒకడు రాసుకొచ్చాడు: “మా అమ్మకు నాయన మీద కోపం వస్తే ‘మేము మా ఊరికి పోతాం’ అంటాది. అంటే నేనూ అమ్మా. నాయన రాకూడదు.” క్లాసంతా నవ్వింది. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్ల లేచి, తమ ఇంట్లో ‘నావు’ అనే ఒక్క మాటే ఉంటుందనీ, ఎవరిని కలిపారో ముఖం చూసి తెలుసుకోవాలనీ చెప్పింది. ఉర్దూ మాట్లాడే పిల్లవాడు, “మాకూ అంతే మేడం, హమ్ అంటే అయిపాయె” అన్నాడు. అంటే ఆ ప్రశ్న కన్నడంలో పుట్టదు, ఉర్దూలో పుట్టదు. తెలుగులో చదివితేనే పుడుతుంది. ఆ రోజు నాకు చాలా సంతోషం వేసింది.

కిటికీ పక్క పిల్ల మాత్రం నోటుపుస్తకం తీయలేదు. సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం తీసి నా చేతికిచ్చింది. “మా నాయన రాసిన అర్జీ మేడం. దీంట్లో అంతా మేమే.”

వాళ్ళ నాయన సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. పదో తరగతి దాకా చదివి, వేరుశనగ వేసుకుంటూ, వంక అవతలి పల్లె మొత్తానికి అర్జీలు రాసిపెట్టే మనిషి. పెన్షను ఆగినా, రేషను కార్డులో పేరు తప్పు పడినా ఆయన దగ్గరికే పోతారు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ఆ కాగితంలో “వంక అవతలి పల్లె గ్రామస్థులమైన మేము తమ దివ్యసముఖమునకు వేడుకొనునది ఏమనగా” అని మొదలై, వంక మీద కల్వర్టు కట్టించమని ఉంది. వానొస్తే పిల్లలు బడికి పోలేకపోతున్నారని ఉంది.

“మా నాయన ఏమన్నాడంటే మేడం, అర్జీలో మనం అని రాయకూడదంట. ఆఫీసరు మనలో మనిషి కాదంట. అడుక్కునేటప్పుడు మేము అనల్లంట.”

“అట్లయితే రాజ్యాంగంలో కూడా ఎవర్నో అడుక్కుంటున్నారా?”

అది పాఠం పుస్తకం తెరిచి పీఠిక మీద వేలు నడిపింది. “లేదు మేడం. అడుక్కునే మాటే లేదు. వేడుకొనుచున్నాము అని యాడా లేదు. మాకు మేము ఇచ్చుకుంటాండాం అని ఉండాది. గవర్నమెంటు ఆడ నిలబడుకోని వింటాండాదేమో. మేము చెప్తాండాం, నువ్వు విను అని.”

ఇదే సరైన జవాబని నేను ఏ పండితుడి ముందైనా వాదిస్తానని కాదు. కానీ అంతకంటే మంచి జవాబు నాకు ఇప్పటిదాకా దొరకలేదు.

అర్జీ తిరిగి ఇచ్చేముందు పైన ఎవరికి రాశాడో చూశాను. మండల తహసీల్దారు గారికి. ఇది ఎన్నోసారి అని అడిగితే మూడోసారి అంది. మూడు సార్లూ తహసీల్దారుకే. ఇక్కడ మాత్రం నాకు ఏ సందేహమూ లేదు. పిల్లల చేత బోర్డు మీద ఊరికి కావలసినవన్నీ రాయించాను. వీధి దీపం, కొళాయి, భూమి పాసుపుస్తకం, పెద్ద రోడ్డు, పోలీసు, స్కూలు, వంక దారి. ఏది ఎవరి పనో వెతకడం మొదలుపెట్టాం. రెండు పీరియడ్లు పట్టింది. సైన్సు మాస్టరుగారి పీరియడు ఒకటి అడిగి తీసుకున్నాను. వంక దారి ఎవరిది అన్న దగ్గర మా లెక్కలన్నీ ఆగిపోయాయి. పంచాయతీదో, మండలానిదో, జిల్లాదో తెలియలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని పంచాయతీ ఆఫీసుకు పోయాను. కార్యదర్శి ఒక చిన్న వయసు అమ్మాయి. కణేకల్ వైపు ఊరు, ఇదే మొదటి ఉద్యోగం. పిల్లలు ప్రశ్న అడగ్గానే బీరువాలోంచి రోడ్ల రిజిస్టరు తీసి వేలు పెట్టి చూపించింది. వంక దాటి పల్లెకు పోయే దారి పంచాయతీ దారే. కల్వర్టు కావాలంటే గ్రామసభలో తీర్మానం చేయాలి.

“మరి ఇన్ని దినాలూ ఎవరూ అడగలేదా అక్కా?” అంది నాతో వచ్చిన కిటికీ పక్క పిల్ల.

“నాకైతే ఎవరూ అర్జీ ఇయ్యలేదు చెల్లీ” అంది కార్యదర్శి.

నాకు ఆశ్చర్యం వేసింది. స్కూలుకు తిరిగొచ్చాక హెడ్మాస్టరు గారిని అడిగాను. ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. “మీకు తెలియదు మేడం. పోయిన పంచాయతీ ఎన్నికల్లో ఆ పల్లె మొత్తం ఇప్పుడుండే సర్పంచికి ఎదురుపార్టీ. ఆ పాప వాళ్ళ నాయన జెండా పట్టుకోని తిరిగినాడు. ఓడిపోయినాక పంచాయతీ ఆఫీసు గడప తొక్కలేదు. తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడంట. మండలానికైనా పోతాడు గానీ ఆడికి పోడు. మీరు దీంట్లో వేలు పెట్టొద్దండి.”

“నేను పాఠం చెప్తున్నాను సార్, ఎన్నికల ప్రచారం చేయడం లేదు” అన్నాను.

“రెండూ ఒకటే అంటారు మేడం ఈ ఊళ్ళో.”

ఆ నెల మూడో వారంలో వాన వచ్చింది. పెద్ద వాన ఏమీ కాదు, మాకు అదే పెద్దది. వంక రెండు రోజులు పారింది. రెండో బెంచీ కిటికీ పక్క ఖాళీ. మూడో రోజు ఆ పిల్ల వచ్చి, తాము అవతలి గట్టున నిలబడి స్కూలు గంట విన్నామని చెప్పింది. గంట వినిపించేంత దగ్గర, దాటలేనంత దూరం. అప్పుడే నిర్ణయించుకున్నాను. గాంధీ జయంతి రోజు గ్రామసభ ఉంది. పంచాయతీ పాఠం చివర పిల్లలకు గ్రామసభ చూపించమని కృత్యం ఉంది. పిల్లల ఇళ్ళనుంచి సంతకాలు తెప్పించుకుని, హెడ్మాస్టరు గారికి కాగితం రాసిచ్చి, ఎనిమిదో తరగతిని తీసుకెళ్ళడానికి అనుమతి అడిగాను. ఆయన ఆ కాగితం వైపు చాలాసేపు చూసి సంతకం పెట్టారు. “మాట్లాడించొద్దు, చూపించండి చాలు” అన్నారు. సరే అన్నాను. నేనైతే ఎవరినీ మాట్లాడించలేదు.

గ్రామసభకు రెండు రోజుల ముందు ఆ పిల్ల తండ్రి స్కూలుకు వచ్చాడు. చేతిలో చెప్పులు, భుజాన తువ్వాలు. వరండాలో నిలబడే మాట్లాడాడు.

“మేడం, మా పాప ఇంట్లో రోజూ కొట్లాటే. తహసీల్దారుకు ఎందుకు రాసినావు, అది తప్పు అంటాది. నేను ఇరవై ఏండ్లుగా రాస్తాండా అర్జీలు.”

“మీ రాత తప్పు కాదన్నా. చేరిన చోటు తప్పు. ఆ దారి పంచాయతీది. తహసీల్దారు దగ్గరికి పోతే మళ్ళీ పంచాయతీకే పంపాలి. పంపినారో లేదో మనకు తెలియదు.”

“పంచాయతీ అంటే ఆ సర్పంచమ్మ దగ్గరికి పోవల్ల.”

“గ్రామసభ ఆమె ఇల్లు కాదన్నా. ఓటరు లిస్టులో పేరుండే ప్రతి మనిషీ దాంట్లో సభ్యుడే. ఆమె కుర్చీలో కూర్చుంటుంది, అంతే. మీరు పోయేది మీ సభకే.”

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, “చూస్తా” అని వెళ్ళిపోయాడు. వస్తాడని నాకు నమ్మకం కలగలేదు.

గాంధీ జయంతి నాడు పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. అరవై డెబ్బై మంది దాకా వచ్చారు. మా పిల్లల్ని ఒక పక్కగా కింద పరిచిన పట్టల మీద కూర్చోబెట్టాను. సర్పంచి పిండిమిషను నడిపే ఆవిడ. పండగ చీర కట్టుకున్నా జుట్టు మీద సన్నగా పిండి కనబడుతూనే ఉంది. మాట కరుకు. ఎవరికీ భయపడే మనిషి కాదు, తన పని తనే మాట్లాడుకునే మనిషి. కార్యదర్శి అజెండా చదివింది. కొళాయిల గురించి ఒక గంట వాదించుకున్నారు. వీధి దీపాల గురించి అరగంట. మా పిల్లలు నోటుపుస్తకాల్లో రాసుకుంటున్నారు. ఒకడు నా చెవిలో, “మేడం, అసెంబ్లీ మాదిరే అరుస్తాండారు” అన్నాడు, మెచ్చుకోలుగా.

“ఇంకేమన్నా ఉండాదా?” అంది సర్పంచి.

వెనక షామియానా గుంజ దగ్గర ఆ పిల్ల తండ్రి లేచాడు. ఎప్పుడొచ్చాడో నేను చూడలేదు. జేబులోంచి కాగితం తీశాడు. ఆయన చదవడం మొదలుపెట్టాడు. “గౌరవనీయులైన సర్పంచి గారి దివ్యసముఖమునకు, వంక అవతలి పల్లె గ్రామస్థులమైన మేము వేడుకొనునది ఏమనగా...”

“ఏమప్పా” అని అడ్డుకుంది సర్పంచి. “ఇన్ని దినాలూ మండలానికి పోయి ఇస్తివి. ఈ పొద్దు నేను కనపడితినా?”

ముందు వరుసలో ఎవరో నవ్వారు. “ఓటు ఆ పక్కకు, కల్వర్టు ఈ పక్క నుంచి కావల్లంట” అన్నాడొకడు. ఇంకొంత మంది నవ్వారు. ఆయన కాగితం మెల్లగా మడత పెట్టి జేబులో పెట్టుకోబోయాడు.

పట్టల మీద నుంచి ఆ పిల్ల లేచి నిలబడింది.

“నాయనా, ఈడ అర్జీ వద్దు. ఈడ ఎవరినీ అడుక్కోవద్దు. నువ్వూ మెంబరే. మనం అని చెప్పు నాయనా.”

“ఓటు లేని పిల్లకు ఈడ మాటేందమ్మా?” అన్నాడు నవ్విన మనిషే.

నేను లేవబోయాను. అంతలో కార్యదర్శి, “సభ ఒప్పుకుంటే మాట్లాడొచ్చు, ఓటు మాత్రం ఉండదు” అని గట్టిగా చెప్పింది. సర్పంచి ఆ పిల్ల వైపు పైనుంచి కింది దాకా చూసింది. “చెప్పనీ. ఏమంటాదో విందాం” అంది.

ఆ పిల్ల సర్పంచి వైపు తిరిగింది. “ఓటరు లిస్టులో మా నాయన పేరుండాది. సర్పంచక్క పేరూ ఉండాది. ఒకే లిస్టు. ఆ వంక దారి రిజిస్టరులో పంచాయతీ దారి అని ఉండాది, మేం చూసినాం. అవతల ఉండేది వేరే ఊరోళ్ళు కాదు, మన ఊరి పిల్లోళ్ళే. మొన్న వంక వచ్చిన దినం మన స్కూల్లో పదకొండు మంది తక్కువ. అంతే.”

అని కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కథల్లో అయితే కొట్టేవారేమో. సర్పంచి ఆ పిల్ల తండ్రి వైపు తిరిగి, “కాగితం లోపలే పెట్టుకోప్పా. నోటితో చెప్పు. ఏమి కావల్ల?” అంది.

ఇరవై ఏళ్ళుగా దివ్యసముఖాలకు రాసిన మనిషి. మామూలు మాట రావడానికి ఆయనకు కాసేపు పట్టింది. “మన వంక దగ్గర...” అని ఆగాడు. కాగితాన్ని జేబులో పెట్టుకున్నాడు. “మన వంక దగ్గర పైపులన్నా ఏసుకుంటే, పిల్లోళ్ళకు దారి దొరుకుతాది.”

వెంటనే వాదన మొదలైంది. ముందు నడివీధిలో దీపాలు వేయాలని కొందరు పట్టుబట్టారు. నవ్విన మనిషి ఆఖరిదాకా వద్దనే అన్నాడు, ఇప్పటికీ వద్దనే అంటాడేమో. అప్పుడు ఊళ్ళోని ఒక పెద్ద రైతు లేచి, వంక అవతల తనకూ చేను ఉందనీ, శెనక్కాయలు ఇంటికి తోలే దినాల్లోనే వంక వచ్చి ట్రాక్టరు ఆగిపోతోందనీ అన్నాడు. ఆయన మాటతో ఇంకో నలుగురికి తమ చేలు గుర్తొచ్చాయి. చేతులెత్తమన్నప్పుడు సగానికి పైగానే లేచాయి. పిల్లల చదువు కోసం ఎన్ని లేచాయో, శెనక్కాయల కోసం ఎన్ని లేచాయో నాకు బాగానే తెలుసు. నేనేమీ నొచ్చుకోలేదు. మర్నాడు క్లాసులో అదే చెప్పాను. ఒకే పనికి చేతులెత్తిన వాళ్ళందరి కారణమూ ఒకటే కానక్కర్లేదు, ప్రభుత్వం నడిచేది చాలాసార్లు ఇలాగే అని. ఆ ఒక్క మాట అర్థం చేయించడానికి నాకు ఇంతకు ముందైతే మూడు పాఠాలు పట్టేది.

తీర్మానం రాసేటప్పుడు పిల్లలు రిజిస్టరు చుట్టూ మూగారు. తమ పేర్లు కూడా రాయమన్నారు. ఓటు లేనివాళ్ళ పేర్లు రాయడం కుదరదని కార్యదర్శి చెప్పింది. కాసేపు ఆలోచించి, చివర ‘ఉన్నత పాఠశాల ఎనిమిదో తరగతి విద్యార్థులు సభను చూడడానికి హాజరైనారు’ అని ఒక వాక్యం చేర్చింది. వాళ్ళకు అదే చాలు.

వారం తిరక్కుండానే మండల విద్యాధికారి నుంచి పిలుపు వచ్చింది. టీచరు పిల్లల్ని పార్టీ రాజకీయాల్లోకి లాగుతోందని ఎవరో ఫిర్యాదు చేశారు. హెడ్మాస్టరు గారు నాకంటే ఎక్కువ దిగులు పడ్డారు. నేను పాఠ్యపుస్తకం, తల్లిదండ్రుల సంతకాలు, అనుమతి కాగితం సంచిలో పెట్టుకుని పోయాను. పంచాయతీ పాఠం చివరి పేజీ తెరిచి విద్యాధికారి ముందు పెట్టాను. ఆయన కృత్యం చదివి, అట్ట తిప్పి చూశారు.

“ఇది ఆరో తరగతి పుస్తకం కదమ్మా. మీరు తీసుకపోయింది ఎనిమిదోళ్ళని.”

“ఆరో తరగతిలో ఎవరూ తీసుకపోలేదంట సార్. అందుకే ఇప్పుడు తీసుకపోతి.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. జరిగింది రాసివ్వమన్నారు. రెండు పేజీలు రాసిచ్చాను. సంగతి అంతటితో ముగిసింది.

తీర్మానం అయితే అయిందిగానీ పని అంత తొందరగా కాలేదు. ఇంజనీరు రావడానికి డిసెంబరు అయింది. ఆ మధ్యలో మా క్లాసు నెలకొక ఉత్తరం రాసింది. పంచాయతీకి ఒకటి, ఇంజనీరు ఆఫీసుకు ఒకటి. ఏదీ దివ్యసముఖమునకు కాదు. ‘అక్టోబరు గ్రామసభ తీర్మానం ఎంతవరకు వచ్చిందో తెలియజేయగలరు’ అని మాత్రమే. ఇంజనీరు చూసి, పెద్ద వంతెన పంచాయతీ వల్ల కాదన్నాడు. సిమెంటు పైపులు వేసి పైన కాంక్రీటు పోస్తే మామూలు నీటికి తట్టుకుంటుందన్నాడు. ఎండాకాలంలో పైపులు వచ్చాయి. అవి దించే రోజు సర్పంచి పిండిమిషను కట్టేసి వచ్చి గట్టు మీద నిలబడింది. ఆ పిల్ల తండ్రి అవతలి గట్టు మీద నిలబడ్డాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు. “వచ్చే ఎన్నికల్లో మళ్ళీ ఆయమ్మకు ఎదురే మేడం” అని ఆయనే నాతో చెప్పాడు. అలాగే చేయమన్నాను. అందులో తప్పేముంది?

ఏ పని ఏ ఆఫీసుదో చూపిస్తూ పిల్లలు తయారుచేసిన చార్టు ఒకటి ఆయన అడిగి తీసుకెళ్ళాడు. అర్జీ కాగితాలు పెట్టుకునే రేకు పెట్టె మూతకు లోపలి వైపున అంటించుకున్నాడట. ఇప్పుడు ఆయన రాసే అర్జీలు అరపేజీకి మించవు.

తర్వాతి ఏడు ఆ పిల్లలు తొమ్మిదికి వచ్చారు. ఆగస్టులో ఒక రాత్రంతా వాన పడింది. పొద్దున ఆటోలో వస్తూ వంక ఎలా ఉందోనని అదే ఆలోచన. స్కూలు గేటు దగ్గర చూస్తే పల్లె పిల్లలు అప్పటికే చెప్పులకు అంటిన ఎర్రమట్టి కడుక్కుంటున్నారు. ఏడో తరగతిలోని ఒకమ్మాయి వేరే స్కూలుకు మారింది కాబట్టి పది మంది. పది మందీ వచ్చారు. కాంక్రీటు మీద మడమల దాకా నీళ్ళున్నాయట, చేతులు పట్టుకుని దాటారట.

హాజరు వేస్తుంటే ఆ పల్లె వాడే, వెనక బెంచీలో కూర్చునే ఒక పిల్లవాడు గొణిగాడు. “ఎందుకడిగినామో ఆ కల్వర్టు. వాన సెలవు పాయె.”

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి, పుస్తకం తీయమని చెప్పి, కోర్టుల పాఠం మొదలుపెట్టాను.